ఎర్ర గీత పడిన మాట

పిన్ని అనే మనిషి నిజంగానే ఉందని చాలామంది నమ్మేవాళ్లు. పొయ్యి మీద జిడ్డు వదలకపోయినా, గోడకు చెమ్మ పట్టినా, చంటిదానికి ఎక్కిళ్లు ఆగకపోయినా ముందు ఫోను తీసి పిన్నిని అడిగి, ఆ తర్వాతే పక్కింటావిడ తలుపు కొట్టేవాళ్లు. వెబ్‌సైటు తెరవగానే పైన గుండ్రటి ముఖం, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు. మనకూ ఇలాంటి పిన్ని ఒకతె ఉంటే ఎంత బాగుండు అనిపించే బొమ్మ. పాపం ఆ బొమ్మకు ఇల్లు లేదు, పొయ్యి లేదు, పిల్లలు అంతకన్నా లేరు. ఆమె పేరు మీద వచ్చే మాటలన్నీ బయటివాళ్ల దగ్గర గంపగుత్తగా కొన్నవే.

ఆ కొనే పని ఒకావిడది. అందుకని ఆఫీసులో ఆమెనే అందరూ పిన్ని అనేవాళ్లు. నెత్తి మీద వెంట్రుకలు ఎప్పుడో సెలవు తీసుకున్న యజమాని కూడా "పిన్నీ, ఒకసారి ఇటు రా" అనేవాడు. మొదట్లో ఆమె ఉలిక్కిపడేది. పోను పోను ఎంత అలవాటైందంటే, ఇంటి దగ్గర ఎవరైనా సొంత పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని పలికేది కాదు.

ఆఫీసు టైర్ల దుకాణం పైన. ఎండ ముదిరేకొద్దీ రబ్బరు వాసన మెట్లెక్కి వచ్చి మనుషుల పక్కనే కుర్చీ వేసుకుని కూచునేది. ఒక పొడుగాటి బల్ల, దాని మీద కంప్యూటర్లు, ఎంత తిప్పినా ఒక పక్కకే గాలి కొట్టే ఫ్యాను, ఎదుటి గోడకు పెద్ద తెర. ఏ పేజీని ఈ క్షణాన ఎంతమంది చదువుతున్నారో ఆ తెర మీద అంకెలు పాకుతుండేవి. యజమాని కూచున్నా చూపు దాని మీదే, లేచినా దాని మీదే. ఆయన తాతకు ధాన్యం కాటా ఉండేదట. మనవడి చేతికి వచ్చేసరికి ధాన్యం పోయి మాటలు మిగిలాయి గాని, తూచే బుద్ధి మాత్రం ఎక్కడికీ పోలేదు. వెనకాల అందరూ ఆయన్ను కాటా సారు అనేవాళ్లు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. లోలోపల మురిసిపోయేవాడు కూడా.

కాటా సారు సూత్రం ఒకటే. పేజీలు ఎక్కువ ఉండాలి, ప్రతి పేజీ కొత్తగా ఉండాలి. ఇంకో వెబ్‌సైటులో ఉన్న వాక్యం మన దగ్గర కనపడిందంటే, జనం వెతికినప్పుడు మనల్ని చూపించకుండా అడుక్కి తొక్కేస్తారని ఆయన భయం. దానికోసం ఒక మిషను తెప్పించాడు. కొన్న వ్యాసాన్ని అందులో వేస్తే, ఇప్పటికే మరెక్కడో ఉన్న వాక్యాల కింద ఎర్ర గీత పడుతుంది. ఆఫీసులో దాన్ని జల్లెడ అనేవాళ్లు. గీత పడిన వ్యాసాన్ని పేజీ ఎక్కించకూడదు. పిన్ని చేయాల్సిందల్లా జల్లెడ పట్టడం, ఎరుపు కనపడితే "ఎరుపు తీసి పంపండి" అని తిప్పికొట్టడం.

వ్యాసం మొత్తం చదివే తీరిక ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. కొత్తలో తనే పట్టుబట్టి చదివేది. సరుకు పెరిగాక మొదటి పేరా, చివరి పేరా చూసి, మధ్యదాన్ని దేవుడికి వదిలేసేది.

సరుకు పంపే ఆయనకు పేరంటూ ఒకటుంది గాని ఎవరికీ అవసరం పడలేదు. "అమ్మా, ఇవాళ ఒక గంప పంపిస్తున్నా, దించుకోండి" అని మొదలుపెట్టే అలవాటు వల్ల గంపాయన అయ్యాడు. ఆయన రాయడు. ఆయన కింద రాసేవాళ్లు ఉన్నారు, వాళ్ల కింద ఇంకా చాలామంది ఉన్నారు, ఎవరు ఎక్కడ కూచుని రాస్తారో గంపాయనకే సరిగ్గా తెలియదు. పిన్ని ఆయన్ను ఒక్కసారే చూసింది. తెల్ల చొక్కా, చంకలో గొడుగు, మాట చూస్తే బెల్లం పాకం. ఏయే విషయాల మీద రాయించగలరని ఆమె అడిగితే, "ఏదైనా సరేనమ్మా. మావాళ్లకు తెలిసి ఉండాల్సిన పని లేదు, రాసేస్తారు" అన్నాడు. అప్పుడు గదిలో అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది.

పిన్నికి ఒక చెల్లెలుంది. తల్లి పోయేనాటికి ఆ పిల్ల ఇంకా సరిగ్గా చెప్పులు వేసుకోవడం కూడా రాని వయసులో ఉంది. జడ వేసింది, జ్వరమొస్తే మందు మింగించింది, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకున్నది అక్కే. దాంతో అక్క నోట్లోంచి వచ్చిన మాటకు ఆ పిల్ల దగ్గర తిరుగు లేదు. పెళ్లయి ఇల్లు కట్టుకున్నాక కూడా అదే వరస. చీర మీద మరక పడితే పిన్ని పేజీ, ఉల్లిపాయలు మొలకెత్తితే పిన్ని పేజీ. ఒకసారి అక్క విసుక్కుని అసలు సంగతి చెప్పేసింది.

"అవి నేను రాసినవి కావే. బయట కొన్నవి."

"కూరగాయలూ బయట కొన్నవే కదక్కా. పుచ్చులు ఏరకుండా వండుతావా నువ్వు?" అంది చెల్లెలు, చేస్తున్న పని ఆపకుండానే.

పిన్ని పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లింది. పాలేమీ పొంగడం లేదు.

ఈమధ్య చెల్లెలు ఒక కొత్త పనికి దిగింది. ఉద్యోగాలకు పోయే తల్లుల పిల్లల్ని పగలంతా చూసుకునే చోటు ఒకటి పెడతానంది. చాలా కాలంగా తాళం వేసి ఉన్న ఒక ఇంటి కింది భాగం అద్దెకు దొరికింది. సున్నం వేయించింది, బూజు దులిపింది, గోడల మీద బాతులు గీయించింది. రేపటి నుంచి పిల్లలు వస్తారు. ఆ రోజు పొద్దున అక్కకు ఫోను చేసింది.

"ఇల్లంతా అద్దంలా చేశానక్కా, బాత్రూం ఒక్కటే మిగిలింది. బండలన్నీ పచ్చగా గార పట్టి ఉన్నాయి. పిల్లలు అడుగుపెట్టే చోటు కదా, ఇవాళ దాని సంగతి తేల్చేస్తా. నీ పేజీ తెరిచి పెట్టుకున్నా, సామానంతా తెచ్చుకున్నా."

ఆ సమయానికి పిన్ని ముందు కొత్త గంప ఒకటి విప్పి ఉంది. కళ్లు తెర మీద, చెవి ఫోనులో. "ఊఁ, కానియ్. జాగ్రత్త" అని పెట్టేసింది. ఏ పేజీ అని అడగలేదు.

కాసేపటికి ఆఫీసు ఫోను మోగింది. ఎవరో పెద్దావిడ. గొంతులో వణుకుంది గాని బెదురు లేదు. పిన్నిగారు కావాలంది. ఇలాంటి ఫోన్లు అప్పుడప్పుడు వస్తుంటాయి, పిన్నిగారు ఊళ్లో లేరని చెప్పి పెట్టేయాలని కాటా సారు ఆజ్ఞ. ఆ వేళ ఆమెకు అబద్ధం నోటికి రాలేదు. "నేనేనమ్మా, చెప్పండి" అంది.

పెద్దావిడ నింపాదిగా చెప్పుకొచ్చింది. గ్యాసు పొయ్యి శుభ్రం చేసే పద్ధతి ఆవిడ పిన్ని పేజీలోనే చదివి కోడలికి నేర్పిందట. ఇప్పుడు మనవరాలి వంతు వచ్చింది. ఆ పిల్ల ఫోనులో పేజీ తెరుచుకుని తిన్నగా బర్నర్లు ఊడదీయబోయింది. సిలిండరు గ్యాసు కట్టలేదేమే అంటే, అలా రాసి లేదు నానమ్మా అందట. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని తనే చూసింది. నిజంగానే లేదు.

"ఇదివరకు మొదటి మాటే అది తల్లీ, సిలిండరు కట్టేయమని. నేను నా కళ్లతో చదివాను. మరి ఇప్పుడు కట్టక్కర్లేదని కొత్తగా ఏమైనా కనిపెట్టారా?"

వెటకారం కాదు. తెలుసుకుందామనే అడిగింది. పిన్ని చూసి సరిచేస్తామమ్మా అని ఫోను పెట్టేసింది. వెంటనే ఆ పేజీ తీసింది. పాత పేజీలన్నిటినీ కొత్తగా తిరగరాయించమని కాటా సారు పురమాయించినప్పుడు, ఇదీ గంపాయన దగ్గరికి వెళ్లి వచ్చింది. వచ్చిన మొదటి ప్రతి ఇంకా ఆమె కంప్యూటర్లోనే ఉంది. తెరిచింది. పని మొదలుపెట్టేముందు సిలిండరు కట్టేయండి అన్న వాక్యం అందులో బుద్ధిగా మొదటి వరసలోనే ఉంది. దాని కింద ఎర్ర గీత. పక్కన తను రాసిన మాట. ఎరుపు తీసి పంపండి.

వాళ్లు తీసి పంపారు. తను ఎక్కించింది.

ఒక్కదానికే ఇలా జరిగిందేమో అనుకుని, పక్కనున్న ఇంకోటి తీసింది. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదన్న మాట ఎర్ర గీత పడి ఎగిరిపోయింది. చేతులు తడిగా ఉన్నప్పుడు స్విచ్చి ముట్టుకోవద్దన్న మాట పోయింది. ఎలుకల మందు పిల్లలకు అందకుండా పెట్టమన్న మాట పోయింది. తీస్తున్న కొద్దీ అదే. మిగతా వ్యాసమంతా చెక్కు చెదరకుండా ఉంది, నగలు పెట్టుకుని కూచున్నట్టు ముద్దుగా ఉంది. ఊడింది ఆ ఒక్క మాటే.

ఎందుకో అర్థం కావడానికి ఆమెకు ఎక్కువ సేపు పట్టలేదు. వంద ఇళ్లలో వంద రకాలుగా వంట చేస్తారు. నిప్పు దగ్గరికి పాకుతున్న బిడ్డను చూసినప్పుడు మాత్రం వంద మంది తల్లులూ ఒకే కేక పెడతారు. అందులో కొత్తగా చెప్పడానికేమీ ఉండదు. అందరి దగ్గరా ఒకేలా ఉండే మాట అదొక్కటే. జల్లెడకు చిక్కింది కూడా అదొక్కటే.

గంపాయనకు ఫోను చేసింది. ఆయన ఎప్పట్లాగే ఉత్సాహంగా పలికాడు. ఆమె అడిగింది విని మాత్రం కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

"మీరే కదమ్మా ఎరుపొద్దన్నారు."

దెప్పడానికి అనలేదు, ఉన్న మాట అన్నాడు. తన వాళ్లు పడ్డ అవస్థ అంతా ఏకరువు పెట్టాడు. మొదట్లో రాసి పంపడం, తిప్పికొట్టాక మళ్లీ రాయడం, అలా రెండింతల చాకిరీ అయ్యేదట. అందుకని ఆయనా ఒక జల్లెడ కొన్నాడు. రాయడానికి కూచునే ముందే, ఈ విషయం మీద అందరూ ఏమేం అంటున్నారో చూసి, ఆ మాటలు పక్కన పెట్టేయమని వాళ్లకు నేర్పాడు. చాలామంది అంతటితో ఆగారు. కాస్త చురుకైనవాళ్లు ఆ మాటను వదలకుండా తిప్పి రాయడం మొదలుపెట్టారు. వదిలేస్తే వ్యాసం పొట్టిదైపోతుంది, తిప్పితే పొడవూ తగ్గదు, గీతా పడదు.

"తిప్పడమంటే ఎలాగండీ?" అంది పిన్ని.

"ఉదాహరణకి ఆ బాత్రూం మరకల పేజీ చూడండి. అందరూ కిటికీలు తెరిచి పెట్టుకోమని రాశారు. మావాడు మూసుకోమని రాశాడు. మందు ఘాటు బయటికి పోకుండా తలుపు కింద తడిగుడ్డ కూడా దూర్చమన్నాడు. ఒక్కటంటే ఒక్క గీత పడలేదమ్మా. బాగా కుదిరిందని మీరే జవాబిచ్చారు."

పిన్ని ఆ పేజీ తీసింది. మధ్యలో ఏముందో ఆమె చదవడం అదే మొదటిసారి. బ్లీచింగ్ పౌడరు దట్టంగా చల్లమంది. దాని మీద బాత్రూం యాసిడ్ పోయమంది. ఆ రెండూ ఎప్పుడూ కలపకూడదని, కలిస్తే ఊపిరి ఆడని విషపు గాలి పుడుతుందని ప్రతిచోటా ఉండే మాట ఇందులో లేదు. కిటికీ బిగించమంది. తలుపు కింద గుడ్డ పెట్టమంది. రంగు తేలేదాకా లోపలే ఉండి రుద్దమంది. చివర ఒక ముద్దు మాట కూడా ఉంది. ఓపిక పట్టండి, పిన్ని మాట మీద నమ్మకం ఉంచండి.

చెల్లెలికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

మరిదికి చేసింది. అతను ఊరికి ఆ చివర చాపలు బేరమాడుతున్నాడు. అవతల ఎవరో ధర తగ్గదని గట్టిగా చెబుతున్న చప్పుడు. చెల్లెలు ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగితే తేలిగ్గా నవ్వాడు.

"చేతులు తడిగా ఉంటాయి కదా వదినా. నన్ను పొద్దున్నే బయటికి తరిమేసింది. తలుపు తీస్తే ఘాటంతా పోతుందట, మధ్యలో పిలిస్తే ఊరుకోనంది. మీ చెల్లెలు కదా, మీరు చెప్పింది ఒక్క అక్షరం జవదాటదు."

"బాబూ, ఉన్నపళంగా ఆ అద్దె ఇంటికి వెళ్లు. తలుపు పగలగొట్టైనా దాన్ని బయటికి లాగు. ఎందుకని అడక్కు."

అవతల బేరం ఆగిపోయింది. ఎంత పరుగెత్తినా తనకన్నా వదినే ముందు చేరుతుందని, మీరూ బయల్దేరండని అంటూనే అతను ఫోను పెట్టేశాడు.

పిన్ని సంచి భుజాన వేసుకుని కాటా సారు ముందు నిలబడింది. పేజీ దించే అధికారం ఆయనకొక్కడికే ఉంది. విషయం చెప్పింది. ఆయన విన్నాడు, కాని కళ్లు గోడ మీది తెర వైపే ఉన్నాయి. పిన్ని కూడా తల తిప్పి చూసింది. అన్నిటికన్నా పైన ఉన్నది బాత్రూం మరకల పేజీయే.

"వారమంతా సైటును మోస్తున్న పేజీ అది పిన్నీ. నువ్వు చెప్పావని ఇప్పటికిప్పుడు దించేస్తే ఎలా? సాయంత్రం కూచుని నిదానంగా చూద్దాం."

"మనుషులు పోతారు సారూ."

"ఎవరు పోయారు చెప్పు. ఇన్నాళ్లలో ఒక్క ఫోనైనా వచ్చిందా?"

పోయినవాళ్లు ఫోను చేయరని ఆమె అనలేదు. అనే తీరిక లేదు. మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి చూస్తే, ఆయన మాట్లాడినంత సేపట్లోనే తెర మీద అంకె ఇంకాస్త పెరిగింది. ఎక్కడెక్కడో ఎవరెవరో బకెట్లు దగ్గర పెట్టుకుని, కిటికీలు బిగించి, ఆ వాక్యాలే చదువుతున్నారు.

ఆటో దొరికింది గాని రోడ్డు కలిసి రాలేదు. గొట్టాలు వేయడానికి సగం రోడ్డు తవ్వి పోశారు. నీళ్ల డబ్బాల బండి ఒకటి గుంత అంచున ఒరిగి, ముందుకూ పోక వెనక్కూ రాక నిలబడింది. అందరూ హారన్లు కొడుతున్నారు, ఎవరూ కదలడం లేదు. పిన్ని ఫోను చెవికి ఆనించుకునే ఉంది. అవతల మోగుతున్న శబ్దం వింటుంటే, ఖాళీ ఇంట్లో ఎవరో తలుపు తడుతున్నట్టుంది. ఇక ఆగలేక దిగి పరుగెత్తింది. దారిలో ఎవరో "ఏమైందమ్మా" అన్నారు. ఆమె పరుగు ఆపలేదు.

అద్దె ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోస్తే తెరుచుకుంది. లోపల గది అద్దంలానే ఉంది. పిల్లల ఎత్తుకు సరిపడా కొట్టిన చిన్న చిన్న కొక్కేలు, వాటి కింద ఇంకా ఎవరి పేరూ రాయని రంగు కాగితాలు. కిటికీ అంచున చెల్లెలి ఫోను వణుకుతూ పక్కకు జరుగుతోంది. పిన్ని తన ఫోను కట్టేయగానే అది ఆగింది. ఆగిన తెర మీద బాత్రూం పేజీ తెరిచే ఉంది.

బాత్రూం తలుపు కింద గుడ్డ ఉంది. ఏదో ఒకటి అని కుక్కింది కాదు. శుభ్రంగా ఉతికి, నాలుగు మడతలు పెట్టి, సందు ఎక్కడా మిగలకుండా అంచు వెంట సర్దిన గుడ్డ. చిన్నప్పుడు బడి పుస్తకాలకు అట్టలు వేసుకునేటప్పుడు కూడా ఆ పిల్ల అంతే, మడత దగ్గర గోటితో గీసి మరీ నొక్కేది. గుడ్డ దాటుకుని పలచగా ఒక వాసన వస్తోంది. ముక్కులోకి కాదు, తిన్నగా గొంతులోకి.

పిలిచింది. జవాబు లేదు. చెవి ఆనిస్తే నీళ్లు కారుతున్న చప్పుడు, దాని వెనక ఏదో గీసుకుంటున్నట్టు పొడి శబ్దం. అది తన చెల్లెలి ఊపిరని గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది.

లోపల గడియ. పిన్ని భుజంతో గుద్దింది. తలుపు పాతదే గాని మొండిది. మళ్లీ గుద్దింది. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో గడియ మేకులతో సహా ఊడొచ్చింది. పసుపూ ఆకుపచ్చా కలిసిన పొగలాంటిది నేల మీద పొర్లుతూ ఆమె కాళ్ల మీదికి వచ్చింది. కళ్లలో కారం కొట్టినట్టయింది. కొంగు ముక్కుకు అదుముకుని, ఊపిరి బిగపట్టి, చేతికందిన చేతిని పట్టుకుని ఈడ్చింది. చెల్లెలి రెండో చేతిలో బ్రష్షు ఇంకా అలానే ఉంది. వీధి గుమ్మం దాకా ఎలా లాక్కొచ్చిందో తర్వాత ఎంత తలుచుకున్నా ఆమెకు గుర్తు రాలేదు. మరిది వచ్చేసరికి ఇద్దరూ గడప మీద పడి దగ్గుతున్నారు. ఒకరి దగ్గు వినపడుతోంది, ఒకరిది వినపడడం లేదు.

ఆసుపత్రిలో చెల్లెలి ముఖానికి ఆక్సిజన్ పెట్టించి, డాక్టరమ్మ బయటికి వచ్చి ఏం కలిపారని అడిగింది. మరిది తన ఫోనులో పేజీ తీసి ఇచ్చాడు. ఆమె నిలబడే చదివింది. చదువుతున్న కొద్దీ ముఖం బిగుసుకుపోయింది. ఇది ఎవరు రాశారంది.

మరిది తొందరపడ్డాడు. పేజీలో తప్పుండదని, అది తమ వదిన పని చేసే సైటేనని, తన భార్యే ఎక్కడో పొరపాటు పడి ఉంటుందని సర్దిచెప్పబోయాడు. ఆ మాటలు అంటూ, ధైర్యం చెబుతున్నట్టు పిన్ని భుజం మీద చెయ్యి వేశాడు.

"అది పొరపాటు పడలేదు," అంది పిన్ని. "ఉన్నది ఉన్నట్టు చేసింది. కలపొద్దన్న మాట అందులో లేదు. లేకుండా చేసింది నేను."

మరిదికి ఆ మాట చెవిలోంచి బుర్రలోకి దిగడానికి కొంచెం సమయం పట్టింది. దిగాక, భుజం మీద వేసిన చెయ్యి తీసేశాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

ఊపిరితిత్తుల లోపల కాలిందని, ప్రాణానికి ఇప్పటికి ఫరవాలేదు గాని ఊపిరి మునుపటిలా ఉంటుందో లేదో కొన్నాళ్లు గడిస్తే గాని చెప్పలేమని డాక్టరమ్మ అంది. పిన్ని అక్కడే నిలబడి కాటా సారుకు ఫోను చేసింది. డాక్టరు వెబ్‌సైటు పేరు రాసుకుంటోందని చెప్పింది. ఈసారి ఆయన సాయంత్రం దాకా ఆగలేదు. మాట పూర్తయ్యేలోపే పేజీ దించేశానన్నాడు.

పొద్దు వాలేసరికి చెల్లెలు కళ్లు తెరిచింది. అక్కను చూసి మూతి మీది తొడుగు పక్కకు లాగబోయింది. వద్దన్నా వినలేదు. గొంతు లేదు, గాలి మాత్రమే వస్తోంది.

"అక్కా... గుడ్డ సరిగ్గా పెట్టలేదా నేను?"

పిన్ని మంచం పక్కన కూలబడింది.

"సరిగ్గానే పెట్టావే. నువ్వు ఏ తప్పూ చేయలేదు. పేజీయే తప్పు. నేను చదవకుండా ఎక్కించాను."

చెల్లెలు ఆమెనే చూస్తూ ఉండిపోయింది. కోపం కాదది. తెలియని చోట బస్సు దిగినవాళ్లు అటూ ఇటూ చూసినట్టు అక్క ముఖాన్ని వెతికింది. తర్వాత తొడుగు తనే సర్దుకుని, నెమ్మదిగా గోడ వైపు తిరిగింది.

పిన్ని బయటికి వచ్చి వరండాలో బెంచీ మీద కూచుంది. ఫోను మోగింది. గంపాయన. కాటా సారు చెప్పాడట. అయ్యో అయ్యో అన్నాడు, పిల్ల ఎలా ఉందన్నాడు, ఏ సాయం కావాలన్నా మొహమాటపడొద్దన్నాడు. అబద్ధపు గొంతు కాదు, నిజంగానే బాధపడుతున్నాడు. అంతా అయ్యాక కూడా ఫోను పెట్టలేదు.

"ఇంకొక్క మాటమ్మా. ఆ బాత్రూం విషయం మీద వేరేచోటి వాళ్లు కూడా వ్యాసం అడిగితే ఇచ్చాను. మీదాంతో కలిస్తే గీత పడుతుంది కదా, అందుకని మావాళ్లు దాన్ని మళ్లీ మార్చారు."

"ఏం మార్చారు?"

"కిటికీలు మూయమన్నది మీది కదా, ఆ ఊసే ఎత్తలేదు." అక్కడ కాస్త తటపటాయించాడు. "పాళ్లు మాత్రం పెంచారమ్మా. ఇంకేదో మూడోది కూడా కలపమన్నారు. నేనూ ఇప్పుడే చదివాను."

పిన్ని లేచి నిలబడింది. ఎవరికి ఇచ్చారో పేరు చెప్పమంది, తనే వాళ్లకు ఫోను చేసి చెప్పుకుంటానంది.

"ఒకళ్లయితే చెప్పేవాణ్ణమ్మా."

నర్సు బల్ల మీద ఒక పెన్ను, పనికిరాని చీటీ ఉన్నాయి. పిన్ని అవి తెచ్చుకుని మళ్లీ బెంచీ మీద కూచుంది.

"అందరి పేర్లూ చెప్పండి."

గంపాయన చెప్పడం మొదలుపెట్టాడు. లోపల చెల్లెలికి దగ్గు తెర వచ్చింది. ఆ దగ్గులో కొన్ని పేర్లు వినపడక, పిన్ని మళ్లీ చెప్పమంది.